ఏ కనెక్షన్, ఏ బ్రౌజర్: నిర్ణయం ఎవరిది?

(హైదరాబాద్ పాతబస్తీలో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ పూట నాకిచ్చిన అంశం చూసి మీలో కొందరు ఆశ్చర్యపోయి ఉంటారు. వరకట్నం, గృహహింస, భరణం, రేషన్ కార్డు గురించి మాట్లాడుకునే చోట ఇంటర్నెట్ కనెక్షన్ ఏది తీసుకోవాలి, బ్రౌజర్ ఏది వాడాలి అన్నది కూడా ఒక అంశమేనా? అది కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో చెప్పే పాఠం కదా అని అనిపించడం సహజమే. కానీ కొన్నేళ్లుగా మన దగ్గరికి వస్తున్న స్త్రీల పనులు ఒక్కసారి గుర్తు చేసుకోండి. స్కాలర్‌షిప్, షాదీ ముబారక్, పింఛను, ఆధార్‌లో పేరు సవరణ, బ్యాంకు కేవైసీ, సైబర్ నేరం మీద ఫిర్యాదు. వీటిలో తెర మీద ఒక పేజీ తెరవకుండా సాగేది ఎన్ని?

మరి ఆ పేజీ తెరుస్తున్నది ఎవరు? చాలాసార్లు తమ్ముడు, లేదా భర్త, లేదా గల్లీ చివర ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయి. ఆమె పక్కన నిలబడి ఉంటుంది. పేరు ఆమెది, వయసు ఆమెది, ఖాతా నంబరు ఆమెది. చదివేది మాత్రం ఇంకొకరు. ‘ఏం రాశావు బేటా?’ అని అడిగితే, ‘అంతా అయిపోయింది ఆపా, మీరు వెళ్లండి’ అన్న జవాబు వస్తుంది.

నేను చెప్పదలచుకున్న విషయం ఒక్కటే. ఒక పేజీ సరిగ్గా కనబడటం అంటే రంగులు, బొమ్మలు చక్కగా రావడం కాదు. ఎవరి పని కోసం ఆ పేజీ పెట్టారో ఆ మనిషి తానే చదివి, తానే నింపి, తానే రసీదు తీసుకోగలగడం. కనెక్షన్ ఎంచుకున్నా, బ్రౌజర్ ఎంచుకున్నా మనకు కొలబద్ద అదే కావాలి. మనం ఎంత మంచిది ఎంచుకున్నా తీరని లోపం ఉంటే, ఆ లోపానికి బాధ్యత ఆ పేజీ పెట్టినవాళ్లది. అది అడిగి తీసుకోవాల్సిన హక్కు.

పేజీ ఎందుకు చెడుతుంది?

వెబ్ పేజీ అచ్చయిన కాగితం లాంటిది కాదు. అచ్చు కాగితం ఎవరి చేతిలో ఉన్నా ఒకేలా ఉంటుంది. వెబ్ పేజీ అనేది కొన్ని ఆదేశాల మూట. ఇక్కడ ఈ అక్షరాలు పెట్టు, అక్కడ ఈ బొమ్మ పెట్టు, ఈ బటన్ నొక్కితే ఈ పని చెయ్యి అని అందులో రాసి ఉంటుంది. ఆ ఆదేశాలు చదివి, మన తెర మీద పేర్చి చూపించే సాఫ్ట్‌వేరే బ్రౌజర్. కాబట్టి ఒకే పేజీ ఒక ఫోన్లో ఒకలాగా, ఇంకో ఫోన్లో ఇంకోలాగా కనిపించవచ్చు.

తేడా వచ్చినప్పుడు మూడు చోట్ల చూడాలి. పేజీ అసలు రాకపోతే, సగం వచ్చి ఆగిపోతే, ముందుగా కనెక్షన్‌ను అనుమానించాలి. అక్షరాలన్నీ వచ్చి, బటన్ నొక్కితే పని జరగకపోతే, తేదీ పెట్టే గడి తెరుచుకోకపోతే, బ్రౌజర్ పాతబడి ఉండవచ్చు, లేదా ఆ పేజీని ఒకే రకం బ్రౌజర్ కోసం తయారు చేసి ఉండవచ్చు. అక్షరాల చోట డబ్బాలు కనిపిస్తే ఫోన్లో ఆ భాష ఫాంటు లేదని అర్థం. తెలుగు ఉండాల్సిన చోట అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తే, ఆ పేజీ యూనికోడ్ పద్ధతిలో తయారు కాలేదని అర్థం. ఈ నాలుగు గుర్తులు తెలిస్తే చాలు, ‘ఫోన్ ఖరాబైంది, కొత్తది కొనాలి’ అన్న మాట వినగానే ఆమె డబ్బు అప్పు చేసి పరిగెత్తాల్సిన అవసరం ఉండదు.

మొదటి నుంచీ రెండు రకాల ఇంటర్నెట్

మన దేశంలో ఇంటర్నెట్‌ను సామాన్య జనానికి ఇవ్వడం మొదలైంది 1995 ఆగస్టు 15న. ఇచ్చింది ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్. అప్పుడే అందులో రెండు తరగతులు ఉన్నాయి. విద్యార్థులకు 500 రూపాయలకు దొరికిన షెల్ ఖాతాలో తెర మీద అక్షరాలు మాత్రమే వచ్చేవి. బొమ్మలతో సహా పేజీ మొత్తం చూడాలంటే టీసీపీ/ఐపీ ఖాతా తీసుకోవాలి, దానికి వ్యక్తులు కట్టాల్సింది 15,000 రూపాయలు. అంటే పేజీ ‘సరిగ్గా’ చూడటం అనేది మొదటి రోజు నుంచే డబ్బున్నవాళ్ల సంగతిగా ఉంది. 1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలకు అనుమతి వచ్చింది. అదే నెలలో మాదాపూర్‌లో హైటెక్ సిటీ ప్రారంభమైంది. మూసీకి ఇటువైపు మాత్రం ఇంటర్నెట్ వచ్చింది సెంటర్ల రూపంలో. గంటకు ఇంత అని కట్టి కూర్చునే ఆ ఇరుకు గదుల్లో ఆడపిల్లలు కూర్చోవడానికి ఎన్ని ఇళ్లలో ఒప్పుకున్నారో మీకు నేను చెప్పనవసరం లేదు.

భాష సంగతి కూడా అంతే. ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే పద్ధతి కల్పించే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. కానీ తెలుగు పత్రికలు నెట్‌లోకి వచ్చినప్పుడు ఒక్కొక్కటి తన సొంత ఫాంటుతో వచ్చింది. ఫాంటు దించుకోకపోతే పేజీ అంతా పిచ్చి గీతలే. కొన్ని పత్రికల పేజీలు ఒక కంపెనీ బ్రౌజర్లో మాత్రమే తెలుగులో కనిపించేవి. చివరికి ఆ పేజీలను యూనికోడ్‌లోకి మార్చి చూపించే ‘పద్మ’ అనే చిన్న సాధనాన్ని మొజిల్లా బ్రౌజర్ల కోసం స్వచ్ఛందంగా తయారు చేయాల్సి వచ్చింది. ఉర్దూ పత్రికలకు మరో దారి లేక పేజీలను బొమ్మలుగా పెట్టేవారు. బొమ్మలో మాట వెతకలేం. చూపు లేనివాళ్లకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మను చదవలేదు. ఉర్దూ చదివే అలవాటున్న మన తల్లులకు, ఖాలాలకు నస్తాలీఖ్ రాతే కంటికి ఆనుతుంది. గూగుల్ నోటో కుటుంబంలో ఆ రాత ఫాంటు వచ్చింది 2014లో.

ఇది పాతకాలపు కథ అని తోసెయ్యకండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అనే మన అక్షరాన్ని ఒక రకంగా కూర్చి పంపితే ఐఫోన్లలో మెసేజ్ అప్లికేషన్లు కుప్పకూలాయి. కంపెనీ ఫిబ్రవరి 19న మరమ్మతు విడుదల చేసింది. కోట్లమంది రాసే అక్షరాన్ని కూడా ముందుగా పూర్తిగా పరీక్షించలేదని దాన్నిబట్టి తెలుస్తుంది. తెర తయారు చేసేవాళ్ల మనసులో మన భాష మనిషి లేకపోతే, ఆమె వాడే ఫోను లేకపోతే, ఫలితం ఇలాగే ఉంటుంది.

ఉచితం అన్న మాట వెనుక

కనెక్షన్ ఎంపిక గురించి మాట్లాడేటప్పుడు 2015ను మరిచిపోకూడదు. ఆ ఏడాది ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్‌తో కలిసి పేదలకు ఉచిత ఇంటర్నెట్ అంటూ ఒక పథకం మొదలుపెట్టింది. తర్వాత దానికే ఫ్రీ బేసిక్స్ అని పేరు పెట్టారు. మొదట అమలు చేసిన 6 రాష్ట్రాలలో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. ఉచితమే, కానీ ఆ కంపెనీ ఒప్పుకున్న సైట్లు మాత్రమే కనిపించేవి. అవి కూడా కుదించిన రూపంలోనే. దరఖాస్తు పేజీలు పనిచేయడానికి కావలసిన జావాస్క్రిప్ట్‌కు అందులో చోటు లేదు. అంటే పేద స్త్రీ చూడవచ్చు, చదవవచ్చు, కానీ తన పని తాను చేసుకోలేదు. దేశమంతా చర్చ జరిగాక 2016 ఫిబ్రవరి 8న టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఇలాంటి వివక్షాపూరిత ధరలను నిషేధించింది. ఏదీ లేనిదానికంటే కొంచెం నయం కదా అని ఆనాడు చాలామంది వాదించారు. ఆడవాళ్లకు చదువు విషయంలో, ఆస్తి విషయంలో ఈ వాదన మనం ఎప్పటినుంచో వింటున్నదే.

ఆ తర్వాత 2016 సెప్టెంబరు నుంచి డేటా ధరలు బాగా పడిపోయాయి. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 5వ విడతలో తేలిందేమిటి? తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 26.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం. దేశం మొత్తం మీద స్త్రీలలో 33.3 శాతం, పురుషులలో 57.1 శాతం. తెలుగు రాష్ట్రాల అంకెలు 2019 నాటివి, ఆ తర్వాత కోవిడ్ రోజుల్లో పిల్లల ఆన్‌లైన్ పాఠాల కోసం ఇళ్లలోకి ఫోన్లు వచ్చాయి. కానీ ఆ ఫోన్ ఎవరి చేతిలో ఉంది, పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు అన్నది వేరే ప్రశ్న.

2020 అక్టోబరు వరదలు మీ అందరికీ గుర్తున్నాయి. హఫీజ్ బాబానగర్, అల్ జుబైల్ కాలనీ నీళ్లలో మునిగాయి. ఇంటికి 10,000 రూపాయల సాయానికి మీ సేవ కేంద్రాల్లో దరఖాస్తు చేసుకోమన్నారు. నవంబరులో ఆ కేంద్రాల ముందు స్త్రీలు తెల్లవారుజాము నుంచి బారులు తీరారు. నగరపాలక ఎన్నికల కారణంగా నవంబరు 18న ఎన్నికల సంఘం దాన్ని ఆపమంది. పేరు, ఆధార్, ఖాతా నంబరు నింపాల్సిన ఒక పేజీ కోసం వేలమంది రోడ్డు మీద నిలబడ్డారు. ఆ పేజీని తమ చేతి ఫోన్లోనే, తమ భాషలోనే తెరవగలిగి ఉంటే ఎంతమంది ఇంట్లో కూర్చునే ఆ పని ముగించుకునేవారో ఆలోచించండి.

మనం ఏం ఎంచుకోవాలి?

ఇప్పుడు పని మాటలు. బస్తీకి వెళ్లి చెప్పడానికి వీలుగా చెబుతాను.

మొదటిది, సిమ్ ఆమె పేరు మీద ఉండాలి. ఆధార్‌కు, బ్యాంకుకు జత చేసిన నంబరు ఆమెదే కావాలి. ఓటీపీ భర్త ఫోనుకో మరిది ఫోనుకో వెళ్తున్నంత కాలం, ఎంత మంచి కనెక్షన్ ఉన్నా పేజీ ఆమెది కాదు. విడిపోవాలనుకున్న రోజున ఈ ఒక్క నంబరు దగ్గరే ఎంతమంది చిక్కుకుపోయారో మన కౌన్సెలింగ్ రిజిస్టర్లు చెబుతాయి.

రెండోది, కనెక్షన్‌ను ప్రకటన చూసి కాదు, ఇంట్లో చూసి తీసుకోవాలి. షాలిబండ, మొగల్‌పురా పాత ఇళ్ల మందపాటి గోడల మధ్య, బయట 4 గీతలు చూపించే సిగ్నల్ లోపలి గదిలో ఒక్క గీత కూడా ఉండదు. ఆడవాళ్లు ఫోన్ వాడేది ఎక్కువగా ఆ లోపలి గదిలోనే. పక్కింటివాళ్ల దగ్గర వేరే కంపెనీ సిమ్ ఉంటే, రాత్రి 9 గంటలప్పుడు ఆ గదిలో పెట్టి ఒక దరఖాస్తు పేజీ తెరిచి చూడండి. కంపెనీ మారాలనుకుంటే నంబరు పోదు. 2011 జనవరి నుంచి దేశమంతటా నంబరు మార్చకుండా కంపెనీ మారే హక్కు ఉంది. ‘పోర్ట్’ అని ఇంగ్లీషులో రాసి, ఖాళీ వదిలి, మన నంబరు రాసి 1900కి ఎస్సెమ్మెస్ పంపితే ఒక కోడ్ వస్తుంది. నలుగురైదుగురు కలిసి ఉండే ఇంట్లో, లేదా మన కుట్టు సెంటర్లో, ఒక్కొక్కరి రీచార్జ్ ఖర్చంతా కలిపి చూస్తే బ్రాడ్‌బ్యాండ్ చౌక కావచ్చు. లెక్క వేసి చూడండి.

మూడోది, ఫోన్లో కనీసం 2 బ్రౌజర్లు ఉంచుకోవాలి. క్రోమ్ చాలా ఫోన్లలో ముందే ఉంటుంది. ఫైర్‌ఫాక్స్ లాంటిది ఇంకొకటి పెట్టుకోండి, డబ్బు కట్టనవసరం లేదు. ఒకదాంట్లో బటన్ పనిచేయకపోతే రెండోదాంట్లో ప్రయత్నించాలి. రెండిటినీ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేయాలి. జాగా లేదని ఫోన్ మొండికేస్తే ముందు వాట్సాప్‌లో పేరుకున్న వీడియోలు తీసెయ్యండి. ఒపేరా మినీ లాంటివి పేజీని ముందు తమ సర్వర్‌కు రప్పించుకుని, కుదించి మనకు పంపుతాయి. డేటా ఆదా అవుతుంది, వార్తలు చదవడానికి బాగుంటాయి. దరఖాస్తులకు, బ్యాంకు పనులకు మాత్రం వాటిని వాడొద్దు.

నాలుగోది, మెసేజ్‌లో వచ్చిన లింకును అక్కడికక్కడే నొక్కితే, కొన్ని అప్లికేషన్లు దాన్ని తమ లోపలి చిన్న బ్రౌజర్లో తెరుస్తాయి. తలాబ్‌కట్టలో ఒక అమ్మాయి ఫేస్‌బుక్‌లో దొరికిన లింకుతో స్కాలర్‌షిప్ ఫారం నింపబోయింది. పుట్టిన తేదీ గడి ఎంత నొక్కినా తెరుచుకోలేదు. సెంటర్‌కు వెళ్తే 200 రూపాయలు అడిగారు. మూల ఉన్న 3 చుక్కలు నొక్కి, అదే లింకును అసలు బ్రౌజర్లో తెరవమని మా కార్యకర్త చెప్పింది. 5 నిమిషాల్లో ఆ అమ్మాయి తానే నింపింది. పైగా తండ్రి పేరులో తప్పుండటం గమనించి తానే దిద్దుకుంది. పక్కన నిలబడి ఉంటే ఆ తప్పు ఆమె కంట పడేది కాదు.

ఐదోది రహస్యం. గృహహింస చట్టం గురించి వెతికిన మాటలు బ్రౌజర్ చరిత్రలో మిగిలిపోతాయి. అత్తింట్లో ఉమ్మడి ఫోన్ వాడే స్త్రీకి ఇది ప్రాణాల మీదికి రావచ్చు. ఇలాంటి వాటికి ప్రైవేటు కిటికీ, అంటే ఇన్‌కాగ్నిటో వాడటం నేర్పించండి. అయితే అది ఫోన్లో చరిత్ర మిగలకుండా చూస్తుందంతే. ఫోన్లో ఎవరైనా నిఘా సాఫ్ట్‌వేర్ పెట్టి ఉంటే ఆపలేదు. చరిత్ర మొత్తం చెరిపేస్తే ఆ ఖాళీయే అనుమానం తెస్తుంది, కాబట్టి ఆ ఒక్క వరుసనే తీసెయ్యమని చెప్పండి. ఏ బ్రౌజర్ అన్నది కూడా ఇక్కడ ముఖ్యమే. మన దేశంలో విపరీతంగా వాడిన యూసీ బ్రౌజర్ నుంచి, వెతికిన మాటలు కూడా సరైన రక్షణ లేకుండా బయటికి పోతున్నాయని టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్ 2015లో బయటపెట్టింది. 2020 జూన్ 29న ప్రభుత్వం దాన్ని నిషేధించింది. పాత ఫోన్లలో ఇంకా ఉంటే తీసెయ్యండి.

ఆరోది, సెంటర్‌కు వెళ్లక తప్పనప్పుడు ‘పంపు’ బటన్ నొక్కేముందు తెర మన వైపు తిప్పమని అడగాలి. పని అయ్యాక లాగౌట్ చేయించాలి. ఆధార్ కాపీ ఆ కంప్యూటర్లో మిగిలితే చెరిపించాలి. రసీదు నంబరు ఫోటో తీసుకోవాలి.

మనం ఏం అడగాలి?

ఇంతవరకు చెప్పిందంతా మన వైపు జాగ్రత్త. కానీ జాగ్రత్తల భారమంతా మళ్లీ ఆడవాళ్ల నెత్తినే పెట్టి ఊరుకుంటే అది అన్యాయం. ‘ఈ సైట్ ఫలానా బ్రౌజర్లోనే బాగా కనిపిస్తుంది’ అని ఒక ప్రభుత్వ పేజీ రాస్తే, ఫలానా కంపెనీ చెప్పులు వేసుకొస్తేనే ఆఫీసులోకి రానిస్తామన్నట్టు. దక్షిణ కొరియాలో ఏళ్ల తరబడి బ్యాంకు పనులు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఉంటేనే సాగేవి. 2022 జూన్ 15న ఆ బ్రౌజర్‌కు దాని కంపెనీయే మద్దతు ఆపేసింది. ఒక్క కంపెనీ మీద ఆధారపడి కట్టిన పేజీలన్నీ అప్పుడు ఇబ్బందిలో పడ్డాయి.

మన దేశంలో ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో చెప్పే మార్గదర్శకాలు 2009లోనే వచ్చాయి. 2018లో, 2023లో వాటిని సవరించారు. అందరూ వాడగలిగేలా, వేర్వేరు బ్రౌజర్లలో, ఫోన్లలో పనిచేసేలా ఉండాలని వాటిలో ఉంది. తెలంగాణలో 2017 నుంచి ఉర్దూ రెండో అధికార భాష. అలాంటప్పుడు ఇంగ్లీషులో మాత్రమే ఉన్న దరఖాస్తు పేజీని మనం ఎందుకు ఒప్పుకోవాలి?

కోర్టులు కూడా ఈ దారిలో కొంత నడిచాయి. 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఫహీమా షిరీన్ కేసులో తీర్పు చెప్పింది. హాస్టల్లో అమ్మాయిలు సాయంత్రం ఫోన్ వాడకూడదన్న నిబంధనను ఒప్పుకోనందుకు ఆమెను హాస్టల్ నుంచి పంపేశారు. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమని కోర్టు చెప్పి, ఆమెను తిరిగి చేర్చుకోమంది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. యాసిడ్ దాడికి గురైన ఆమె, ఆన్‌లైన్ కేవైసీలో కెమెరా ముందు కళ్లు ఆర్పి చూపించలేకపోవడం వల్ల బ్యాంకు ఖాతా తెరవలేకపోయింది. డిజిటల్ అందుబాటు రాజ్యాంగం 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పి, 20 ఆదేశాలు ఇచ్చింది. గమనించండి, కోర్టు ఆమెను మారమనలేదు, పద్ధతిని మార్చమంది.

ఈ తీర్పులు కాగితం మీద మిగలకుండా ఉండాలంటే మన దగ్గర ఆధారాలు ఉండాలి. అందుకే నా ప్రతిపాదన ఇది. ప్రతి బస్తీ కేంద్రంలో ఒక రిజిస్టర్ పెడదాం. ఏ పేజీ తెరవలేదో, ఏ తేదీన, ఏ ఫోన్లో, ఏ బ్రౌజర్లో, ఏ కనెక్షన్ మీద అన్నది రాసి, తెర ఫోటో జత చేద్దాం. ఆ స్త్రీ పేరు, ఆధార్ అందులో రాయొద్దు. ఆ లోపం వల్ల ఆమెకు ఎంత ఖర్చయింది, ఎన్ని పనిదినాలు పోయాయి అన్నది తప్పకుండా రాయాలి. 3 నెలలకొకసారి వాటిని సంబంధిత శాఖకు పంపుదాం. ఆ వెబ్‌సైట్‌ను మార్గదర్శకాల ప్రకారం పరీక్షించారా, తెలుగు, ఉర్దూ పేజీలు ఎప్పుడు పెడతారు అని 2005 సమాచార హక్కు చట్టం కింద అడుగుదాం.

రేపు బస్తీకి వెళ్లినప్పుడు ఒక్క పని చేయండి. పనికి వచ్చిన స్త్రీ చేతిలోంచి ఫోన్ మీరు తీసుకోకండి. ఆలస్యమైనా ఫర్వాలేదు, ఫోన్ ఆమె చేతిలోనే ఉండనివ్వండి. ఎక్కడ నొక్కాలో మీరు చెప్పండి, నొక్కేది ఆమె. సెంటర్ అబ్బాయి చోటులో మనం కూర్చుంటే ఆమె మళ్లీ పక్కన నిలబడాల్సిందే కదా.

ఇప్పుడు మీ ఫోన్లు తీయండి. మొదట బ్రౌజర్ అప్‌డేట్ అయి ఉందో లేదో చూద్దాం.